ఒక పొడుగు విజిల్

లద్దాఖ్‌లో గైడు మాకు చెప్పిన మొదటి మాట, మెల్లగా నడవండి. రెండో మాట, ఇంకా మెల్లగా నడవండి. ముప్పై ఏళ్లుగా బడి గంట కొట్టకముందే స్టాఫ్ రూములో ఉండే అలవాటు నాది. నన్ను పట్టుకుని మెల్లగా నడవమంటే ఒళ్లు మండింది.

"ఈయనేందిరా, మనల్ని ముసలోళ్లనుకుంటున్నాడా?" అని తమ్ముడితో అన్నాను.

"యాభై మూడేళ్లొచ్చినయ్యి నీకు. పడుచుపిల్లవా ఏంది?" అన్నాడు వాడు.

మా ఇంటి నుంచి మేమిద్దరమే బయల్దేరాం. నేను మాచర్లలో హైస్కూలు సోషల్ టీచర్ని. తమ్ముడికి నరసరావుపేటలో ఒక లారీ ఉంది. మొన్నమొన్నటిదాకా తనే తోలేవాడు, నడుంనొప్పి మొదలయ్యాక డ్రైవర్ని పెట్టుకున్నాడు. నడికుడిలో రైలెక్కి హైదరాబాదు వెళ్లి, అక్కణ్ణుంచి రెండు విమానాలు మారి లేహ్ చేరాం. ఆ ఎత్తులోని పలచటి గాలి ఒంటికి అలవాటు పడాలని రెండు రోజులు గదిలోనే పడుకోబెట్టారు. మూడో రోజు పొద్దున్నే పదకొండు మందిని ఒక వ్యానులో ఎక్కించుకుని గండి చూపించడానికి తీసుకెళ్లారు. నది రాతిని కోసుకుంటూ పోగా రెండు పక్కలా నిటారుగా గోడలు మిగిలిపోతాయే, దాన్ని మా పాఠంలో గండి అంటాం. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణం.

నా హ్యాండ్‌బ్యాగులో మాత్రల డబ్బా పక్కన నాన్న విజిల్ ఉంది. గండి అంచున నిలబడి దాన్ని ఒక్కసారి ఊదాలి. నేను అంత దూరం వెళ్లింది అందుకే.  నాన్న పోయి రెండేళ్లయింది. ఊదకపోతే ఈ జన్మకు నాకు నిద్ర పట్టదని తెలుసు.

నాన్న నడికుడి దగ్గర సున్నపురాయి క్వారీలో పనిచేశాడు. రాతికి బెజ్జాలు వేసి, తూటాలు పెట్టి పేల్చే జట్టు ఒకటుండేది. అందులో ఆయనది విజిల్ పని. వినడానికి చిన్న పనే. తూటాలకు నిప్పంటించే ముందు మూడు పొట్టి విజిళ్లు ఊదాలి. అవి వినపడగానే గుంటలో ఉన్నవాళ్లూ, చుట్టుపక్కల చేలల్లో ఉన్నవాళ్లూ ఏదో ఒక దాని కిందికి దూరిపోవాలి. పేలుళ్లయ్యాక నాన్న ఒక్కడే గుంటలోకి దిగేవాడు. పెట్టినవన్నీ పేలాయా, పైన ఊడిపోయేలా వేలాడుతున్న బండ ఏదన్నా ఉందా అని చూసుకుని, అంతా బాగుందనుకుంటే అప్పుడు ఒక పొడుగు విజిల్ ఊదేవాడు. అది వినపడితేనే జనం బయటికి రావాలి. వినపడకపోతే ఎంతసేపైనా ఉన్నచోటే ఉండాలి.

మా ఇల్లు క్వారీకి మరీ దగ్గర. అప్పుడప్పుడూ రాళ్లముక్కలు మా దొడ్లో వచ్చి పడేవి. మూడు విజిళ్లు వినగానే అమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి మా ఇద్దర్నీ రెక్క పట్టుకుని మేకల కొట్టంలోకి ఈడ్చుకెళ్లేది. కొట్టం పైన మందపాటి నాపరాళ్లు పరిచి ఉండేవి. మేకల మధ్య గొంతుకూర్చుని, చెవులు మూసుకుని, నోరు తెరిచి ఉంచాలి. నోరు మూసుకుంటే చెవులు పోతాయని నాన్న మాకు నేర్పాడు. అమ్మ కళ్లు మూసుకుని లోలోపల ప్రార్థన చేసుకునేది. పేలుళ్లు లెక్కపెట్టడం నా పని. చెవులు మూసుకున్నా అవి అరికాళ్లకు తెలిసేవి. పొద్దున వెళ్లేటప్పుడే నాన్న "ఇయాళ నాలుగు" అనో "ఇయాళ ఆరు" అనో చెప్పిపోయేవాడు.

ఒకరోజు ఆరని చెప్పి వెళ్లాడు. అయిదే పేలాయి.

"సరిగ్గా లెక్కబెట్టావా?" అంది అమ్మ.

"అయిదేనమ్మా."

పేలని తూటా గుంటలో ఉండిపోయిందంటే దాని దగ్గరికి నడిచి వెళ్లి చూడాల్సింది ఎవరో మా ముగ్గురికీ తెలుసు. తమ్ముడికి అప్పుడు ఆరేళ్లు. ఒక మేక వాడి జుట్టు నాకుతోంది, వాడు కదలడం లేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వచ్చింది. అమ్మ లేవలేదు. తమ్ముడు ఒంటేలు పోయాలన్నాడు. "ఆడే పోసెయ్యి" అంది. ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. నా కాళ్లు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి కూడా పోయి, కాళ్లున్న సంగతే మర్చిపోయాను.

అప్పుడొచ్చింది. ఒక పొడుగు విజిల్. నాన్న విజిల్ ఇత్తడిది, లోపలి గింజ అరిగిపోయింది. అందుకని ఎంత గట్టిగా ఊదినా శబ్దం మధ్యలో ఒకచోట గరగరమని చీలి మళ్లీ అతుక్కునేది. ఊళ్లో ఎన్ని విజిళ్లు మోగినా ఆ చీలికను బట్టి మేం నాన్నది పట్టేసేవాళ్లం. అమ్మ లేచి, చీరకంటిన పెంటికలు దులుపుకుని, పొయ్యి దగ్గరికి వెళ్లి మాడిన అన్నాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. మధ్యాహ్నం నాన్న వచ్చి కంచం ముందు కూర్చుని "అడుగంటిందే" అన్నాడు. "అంటిందిలే, తిను" అంది. 

అమ్మ పోయాక నాన్న నాలుగేళ్లు మాచర్లలో నాతోనే ఉన్నాడు. ఒక సాయంత్రం నేను పిల్లల కోసం చార్టు గీస్తుంటే పక్కన కూర్చుని పాఠం పుస్తకం తిరగేస్తున్నాడు. ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు. ఎక్కడో మంచుకొండల మధ్య ఎత్తైన గండి, అడుగున సన్నగా నది.

"ఇది ఏ ఊరి క్వారీనే?"

"క్వారీ కాదు నాన్నా. నది కోసింది."

"నీళ్లా? తూటా పెట్టకుండానా?"

"తూటా లేదు, సుత్తి లేదు. నీళ్లే."

కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇంత పెద్ద గుంటకు ఒక్క మనిషి కూడా దాక్కోవలసిన పని పడలేదన్నది ఆయనకు నమ్మశక్యంగా లేదు. "ఒకసారి చూడాల" అన్నాడు. ఆయన నన్ను నోరు తెరిచి అడిగినవి చానా తక్కువ. చొక్కా కూడా అడిగేవాడు కాదు, చిరిగిందని నేను కనిపెట్టాలి. అలాంటిది ఇది అడిగాడు.

"చూద్దాంలే నాన్నా" అన్నాను.

ఆ మాట మూడుసార్లు అన్నాను. మొదటి ఏడాది పదో తరగతి పేపర్లు దిద్దే పని అడ్డం వచ్చింది. రెండో ఏడాది ఎలక్షన్ డ్యూటీ. మూడో ఏడాది ఏ అడ్డమూ లేదు, వేసవి సెలవులంతా ఇంట్లోనే ఉన్నాను. ఆవకాయ పెట్టాను, బీరువాలు సర్దాను. మంచుకొండలు దూరమనుకుంటే గండికోట ఉంది కదా, పొద్దున బండి కట్టించుకుంటే మర్నాటికి చూసి రావచ్చు. అక్కడికైనా తీసుకెళ్లలేదు. నా పిల్లలకు ఏటా ఆ పాఠం చెప్పాను, నాన్నకు మాత్రం చూపించలేదు.

వ్యాను గండి దగ్గర ఆగింది. రోడ్డు మీంచి అంచు దాకా రెండు వందల గజాలు కూడా ఉండదు, కొంచెం ఎగువ. గైడు నా ఈడువాడే. తలకు ఉన్ని టోపీ, మెడలో ప్లాస్టిక్ విజిల్. హిందీలో మళ్లీ అదే పాట, నిదానంగా, నిదానంగా. నేను వినకుండా చకచకా పది అడుగులు వేశాను. పదకొండో అడుగుకు ఊపిరి అందలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంది. ఆగాను. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ ఆగాను. పక్కన రాతిగోడ ఉంటే దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

తమ్ముడు ముందు నుంచి తిరిగి చూశాడు. "ఏందక్కా, ఆగావ్?"

"రాయి చూస్తున్నా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేను అక్కడే బిగుసుకుపోయాను. అది నా మాట కాదు, నాన్నది.

మాచర్లలో ఆదివారం చర్చికి నడిచి వెళ్లేటప్పుడు నాన్న ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగేవాడు. పక్కనున్న ప్రహరీ మీద చెయ్యి వేసి "ఈ రాయి మన కాడిదేనే, రంగు చూడు" అనేవాడు. ఇంకో స్తంభం దగ్గర ఇంకో గోడ. నాకు ఆలస్యమవుతుందని చిరాకు. "రాళ్లతో బతికింది చాల్లేదా నాన్నా? తర్వాత చూద్దువుగాని, నడువు" అని కసిరేదాన్ని. ఆయన ఇంకో క్షణం ఆ రాయిని చూసి, నడిచేవాడు. రాళ్లంటే పిచ్చి ప్రేమ అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేదాన్ని కూడా. గుంటూరు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుపోయిందని చెప్పేదాకా నాకు తెలియలేదు. అప్పుడు కూడా తెలిసింది తలకే. ఎత్తు ప్రదేశాలకు తీసుకెళ్లొద్దని డాక్టరు చెప్తే, హమ్మయ్య, ఇక నా తప్పు కాదులే అని లోపల ఒక మూల అనుకున్నాను. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ గోడ మీద చెయ్యి వేసి గాలి కోసం నోరు తెరిచి నిలబడితే, స్తంభం స్తంభం దగ్గరా ఆయన ఎందుకాగాడో నా ఒంటికి తెలిసింది. నాలుగేళ్ల పాటు ప్రతి ఆదివారం ఇలాగే ఉందన్నమాట ఆయనకు. పైపెచ్చు కూతురి కసుర్లు. నాన్నా, నువ్వు నిజం చెప్పి ఉంటే నేను ఆగేదాన్ని కదా అనుకున్నాను. వెంటనే ఇంకోటి కూడా అనుకున్నాను. అడిగితే కదా చెప్పేది.

అంచుకు చేరేసరికి అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. కింద బూడిద కలిపినట్టున్న నీళ్లు. ఎదురుగా గోడ ఆకాశందాకా ఉంది, ఊదా పొర, పసుపు పొర, ఆకుపచ్చ పొర, పెళ్లింట్లో దుప్పట్లు దొంతర పెట్టినట్టు. ఎక్కడా సుత్తి దెబ్బ లేదు. బెజ్జం లేదు. నాన్న అయితే ముందు ఏ పొర గట్టిదో చూసేవాడు, తర్వాత పైన వేలాడే బండలెన్నో లెక్కపెట్టేవాడు, ఆ తర్వాతే బాగుందనేవాడు. ఆయన నా పక్కన నిలబడి ఆ లెక్క పెట్టాలని నాకు ఎంత కోరికగా ఉందంటే, పక్కకు కొంచెం జరిగి చోటు కూడా ఇచ్చాను.

బ్యాగులోంచి విజిల్ తీసి నోట్లో పెట్టుకున్నాను. ఊదాను. హుస్సుమని గాలి పోయింది. రెండోసారి ఇంకా సన్నగా పోయింది. మూడోసారి కళ్లు బైర్లు కమ్మాయి, తమ్ముడు జబ్బ పట్టుకున్నాడు.

"ఇటియ్యి, నేనూదుతా."

"ఒద్దు. గింజ పోయినట్టుంది."

వాడు నా చేతిలోదాన్ని అలాగే ఊపి చూశాడు. గింజ గలగలమంది.  చివరి నెలలో నాన్న మంచం మీద కూర్చుని ఒకరోజు విజిల్ అడిగి తీసుకున్నాడు. ఊదితే ఇదే శబ్దం, హుస్సుమని. మా ఇద్దరి మొహాలు చూసి "గింజ పోయినట్టుందే" అని దాన్ని దిండు కింద పెట్టేసుకున్నాడు. ఆ రోజు కూడా గింజ అందులోనే ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియదు. విజిల్ బ్యాగులో పడేసి జిప్పు లాగేశాను. "ఇంత దూరం వచ్చి ఇదా" అన్నాను. ఊదలేకపోయాను, ఇక వెనక్కి పోవడమే. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని బాట వెంట మెల్లగా దింపుతున్నాడు. సగం దూరం వచ్చాం.

అప్పుడు వినపడ్డాయి. మూడు పొట్టి విజిళ్లు.

పక్కన రాతిగోడలో గూడులా లోపలికి పోయిన చోటు ఉంది, పైన పెద్ద బండ కప్పులా ముందుకొచ్చి ఉంది. నేను దాని కింద ఉన్నాను. ఎలా వచ్చానో తెలియదు. గొంతుకూర్చుని, చెవులు మూసుకుని, నోరు తెరిచి ఉన్నాను. పక్కన నా తమ్ముడు, లారీ ఓనరు, నలభై ఎనిమిదేళ్లవాడు, అదే తీరుగా, నోరు తెరుచుకుని. ఎదురుగా మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఫోటో తీసుకోబోతూ ఆగి మమ్మల్ని విచిత్రంగా చూశాడు. మిగతావాళ్లు తాపీగా వ్యాను వైపు నడుస్తున్నారు. టైమైంది రండి అని గైడు పిలిచిన పిలుపది. పొద్దున హిందీలో చెప్పే ఉంటాడు, నేను ఒళ్లు మండి వినలేదు.

తమ్ముడి పొట్ట కదలడం మొదలైంది. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "మనూళ్లో ఎవురన్నా చూశారంటే పరువు పోయిద్దక్కా."

"నోరు మూయ్" అన్నాను. నాకూ నవ్వొస్తోంది. కానీ లేవలేదు. వాడూ లేవలేదు. వాడి నవ్వు ఆగిపోయింది.

"ఇంకోటి రాలేదు కదరా" అన్నాను.

"వచ్చిద్దిలే" అన్నాడు వాడు, నిజంగానే ఎదురుచూస్తున్నట్టు.

గైడు ఊదడు. ఆయనకు ఆ లెక్క తెలియదు. మేం అలాగే కూర్చున్నాం. కూర్చున్నకొద్దీ నా గుండె దడ తగ్గింది, ఊపిరి దాని దారిన అది వస్తూ పోతూ ఉంది. బ్యాగు జిప్పు తీసి విజిల్ మళ్లీ నోట్లో పెట్టుకున్నాను. కళ్లు మూసుకుని, ఉన్న గాలంతా పోసి ఊదాను.

వచ్చింది. ఒక పొడుగు విజిల్, మధ్యలో గరగరమని చీలి మళ్లీ అతుక్కుంది. ఎదుటి గోడకు తగిలి తిరిగి వచ్చింది. తిరిగొచ్చినదాంట్లోనూ ఆ చీలిక ఉంది. వ్యాను వైపు పోతున్నవాళ్లంతా ఆగిపోయారు. గైడు రెండు చేతులూ ఎత్తి ఏమిటన్నట్టు ఊపాడు.

తమ్ముడు చటుక్కున లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు, అక్కడ మేకలు లేకపోయినా. నా వైపు చూడకుండా బయటి ఎండలోకి నడిచి వెళ్లిపోయాడు, ఆరేళ్లప్పుడు వెళ్లినట్టే. పదడుగులు వేశాక తిరిగి చూశాడు.

"అక్కా, రా. అయిపోయింది."

నేను లేవలేకపోయాను. ఊపిరికి ఇబ్బందేం లేదు. ఊదింది నేనే కాబట్టి నాకు అది వినపడినట్టు అనిపించలేదు. మిగతావాళ్లందరికీ వినపడింది, వాడికి వినపడింది, వాడు బయటపడ్డాడు. నేను మాత్రం ఇంకా బండ కిందే ఉన్నాను. కావాలనుకున్నది దొరికాక కూడా నాన్న మీద బెంగ ఒక్క పిసరు తగ్గలేదు, ఇంకా పెరిగింది. కళ్లనీళ్లు ధారగా కారిపోయాయి, తుడుచుకోలేదు.

 వాడు వెనక్కి వచ్చి, వంగి, అరచెయ్యి చాపాడు. "ఇటియ్యి" అన్నాడు. ఈసారి ఇచ్చేశాను. దాన్ని చొక్కాకు తుడుచుకుని, మళ్లీ పదడుగులు బయటికి వెళ్లి, పైన బండ కేసి ఒకసారి చూసి, ఊదాడు. ఒక పొడుగు విజిల్.

నేను లేచి వచ్చాను.

బాట దిగుతూ అమ్మనీ, నన్నూ, తమ్ముణ్ణీ, చేలల్లో ఉన్నవాళ్లనీ అందర్నీ తలుచుకున్నాను. మాకందరికీ నాన్న ఊదాడు. పేలని తూటా పక్కన, దుమ్ములో, ఒక్కడే నిలబడి ఊదాడు. ఇక భయం లేదు వచ్చెయ్యమని ఆయనకు ఎవరూ ఊదలేదు.